కార్డు కౌంటర్లో మా తమ్ముడు

మా తమ్ముడు నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కార్డు కౌంటర్ దగ్గర కూర్చుంటాడు. సర్కారు బీమా కింద ఇచ్చే ఆరోగ్య కార్డు పట్టుకుని వచ్చినవాళ్ళ కాగితాలు చూసి, కంప్యూటర్లో ఎక్కించి, లోపలికి పంపడమో వెనక్కి పంపడమో చేసేది వాడే. ఇప్పుడు వాడికీ నాకూ మాటల్లేవు. ఎందుకు లేవో మా ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా నా ముందు ఎవరూ ఆ ఊసెత్తరు. ఎత్తితే నేను ఊరుకోనని కూడా వాళ్ళకి తెలుసు.

మాది మైపాడుకు అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఊరు. అమ్మ పోయేనాటికి వాడు ఇంకా బడికి పోవడంలేదు. నాన్న వేటకి పోతే ఎప్పుడు వస్తాడో సముద్రానికే ఎరుక. కాబట్టి వాడి అన్నం, వాడి స్నానం, వాడి జ్వరం అన్నీ నావే అయ్యాయి. ఇంటర్ మధ్యలో మానేసి నేను ఎండు చేపలు అమ్మాను. వాణ్ణి మాత్రం నెల్లూరులో డిగ్రీ దాకా చదివించాను. కాలేజీలో ఎవరో నీ చొక్కా చేపల వాసన వస్తోందన్నారని ఒకరోజు వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ మర్నాటి నుంచి వాడి బట్టలు మాత్రం ఊరి వెనక, రోడ్డు వైపు, వేరే తాడు కట్టి ఆరేసేదాన్ని. చేసింది చెప్పుకోకూడదంటారు పెద్దలు. నేను చెప్పుకుంటాను. చేసినదాన్ని నేను కదా.

నన్ను చేసుకున్నది మా మేనత్త కొడుకు. నా పెళ్ళితో వాడికి బావ కాదు, ఇంకో నాన్న దొరికాడు. ఈత నేర్పింది ఆయనే, సైకిల్ నేర్పింది ఆయనే. వాడికి ఉద్యోగం వచ్చిన రోజు మా ఆయన ఒడ్డున బోటు దిగిన ప్రతివాడికీ మిఠాయి పంచాడు. తాగినవాళ్ళకి రెండేసి ఇచ్చాడు.

ఆ ఉద్యోగం వచ్చాక మా ఊరి దశ తిరిగిందనే అనుకున్నాం. అంతకు ముందు నెల్లూరు ఆసుపత్రుల్లో మాకు ఏ గుమ్మం ఎటు పోతుందో తెలిసేది కాదు. సెక్యూరిటీవాడు కసిరినా డాక్టరే కసిరాడనుకుని తిరిగొచ్చేవాళ్ళం. తమ్ముడు కౌంటర్లో కూర్చున్నాక కార్డు జేబులో పెట్టుకుని తిన్నగా వాడి దగ్గరికి పోవడమే. ఎవరికి గుండె దడ వచ్చినా, ఎవరికి కిడ్నీలో రాయి వచ్చినా, ముందు నా బజ్జీల బండి దగ్గరికి వచ్చేవాళ్ళు. సెలవు రోజుల్లో సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళకి మిరపకాయ బజ్జీలు వేసి అమ్మడం నా పని. ఒక చేత్తో జల్లిగరిటె తిప్పుతూ ఇంకో చేత్తో తమ్ముడికి ఫోన్ చేసేదాన్ని. గర్వంగానే చేసేదాన్ని, అబద్ధమెందుకు?

తర్వాత పద్ధతి మారింది. కార్డు ఉన్నంత మాత్రాన పెద్ద ఆసుపత్రికి పోకూడదన్నారు. ముందు మండలంలో ఉండే చిన్న సర్కారు ఆసుపత్రికి, అదే పీహెచ్‌సీకి పోవాలి. అక్కడ డాక్టరమ్మ చూసి, ఇది మా వల్ల కాదు, ఫలానా విభాగానికి పంపుతున్నాను అని చీటీ రాయాలి. ఆ చీటీ ఉంటేనే కార్డు పనిచేస్తుంది. జలుబుకీ దగ్గుకీ కూడా జనం పెద్ద ఆసుపత్రుల మీద పడుతున్నారు, అసలు రోగులకి మంచాలు దొరకడం లేదు, అందుకని ఈ ఏర్పాటు అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మా ఊళ్ళోనే ఒకాయన నెల్లూరులో సినిమాకి పోయి, ఎలాగూ వచ్చాను కదా అని గుండె పరీక్ష చేయించుకుని వచ్చేవాడు.

అయితే దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అట్లా అయింది. పీహెచ్‌సీ వరండా పొద్దున్నే నిండిపోయేది. వచ్చినవాళ్ళలో సగం మంది మందుల కోసం కాదు, చీటీ కోసం. డాక్టరమ్మ మంచి మనిషే. కానీ ఆమె మెడలో గొట్టం కంటే చేతిలో పెన్నుకే పని ఎక్కువైంది. నాడి చూపించుకోవాల్సిన ముసలివాళ్ళు ఆ వరస చూసి వెనక్కి మళ్ళి, ఊళ్ళో సూదులు వేసే ఆయన దగ్గరికే పోయేవాళ్ళు. అటు నెల్లూరు ఆసుపత్రిలో పొద్దున పూట కుర్చీలు ఖాళీగా ఉండేవి. మధ్యాహ్నం చీటీలు పట్టుకుని బస్సులు దిగినవాళ్ళంతా ఒక్కసారే వచ్చి పడేవాళ్ళు. కొందరైతే అసలు పోవడమే మానేశారు. ఇంకా ముదిరాక చూద్దాంలే అనేవాళ్ళు. జబ్బులు తగ్గలేదు, ఆసుపత్రికి పోయే మనుషులు తగ్గారు.

పద్ధతి తెలియక మా ఊరివాళ్ళు పాత అలవాటుగా తిన్నగా పోయి తమ్ముడి కౌంటర్ మీద పడేవాళ్ళు. మనవాడివి కదా, చూసీ చూడనట్టు పంపించు అని బతిమాలేవాళ్ళు. వాడికి తల కొట్టేసినట్టు ఉండేదట. ఒక ఆదివారం ఊరికి వచ్చి పెద్దల ముందు నిలబడి ఒక కట్టుబాటు అడిగాడు. మా ఒడ్డు ఊళ్ళలో పెద్దలు కూర్చుని వేసే కట్టుని దురాయి అంటారు. ఫలానా రోజు వేటకి పోకూడదని దురాయి వేస్తే ఎంత పేదవాడైనా బోటు దించడు. దాటినవాడితో ఊరు మాట్లాడదు, వాడింటి నిప్పు కూడా ముట్టదు. పోలీసు మాట దాటినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు గానీ దురాయి దాటినవాళ్ళు లేరు. పీహెచ్‌సీ చీటీ లేకుండా మన ఊరి కార్డు ఏదీ నెల్లూరు పోకూడదని ఆ రోజు దురాయి వేశారు. బీమా పద్ధతికి దురాయి వేసిన ఊరు భూమ్మీద ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు. నేను వలల పక్కన ఆడవాళ్ళలో నిలబడి, నా తమ్ముడి మాటకి ఊరు తలూపుతుంటే మురిసిపోయాను.

ఆ తర్వాతి వానాకాలం మా ఆయన బోటులో జారిపడ్డ జెల్ల మీద కాలేశాడు. జెల్ల చేపకి వీపు మీద ముల్లుంటుంది, దానికి విషం. మాకిది కొత్త కాదు. వేణ్ణీళ్ళలో కాలు పెట్టుకుని కూర్చుంటే నొప్పి దిగుతుంది, నాలుగు రోజులు కుంటి మళ్ళీ వేటకి పోతారు. ఆయనా అట్లాగే కూర్చున్నాడు. కానీ ఆయనకి షుగర్ ఉంది. కాలు వాస్తున్నా నొప్పి అంతగా తెలియలేదు. తెలియకపోవడమే మంచిదనుకున్నాడు. ఒక పొద్దున లేచేసరికి పాదం నున్నగా ఉబ్బి, వేళ్ళ దగ్గర రంగు మారి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది.

తమ్ముడికి ఫోన్ చేశాను. పీహెచ్‌సీకి పోయి చీటీ తెచ్చుకోమన్నాడు, లేకపోతే కార్డు పడదన్నాడు. సరే, పోయాం. వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. డాక్టరమ్మ కాలు చూసి మొహం చిట్లించి, ఆలస్యం చేయొద్దు, ఇప్పుడే పొండి అని గబగబా రాసిచ్చింది. ఆటో మాట్లాడుకుని నెల్లూరు పోయాం.

ఆసుపత్రి గుమ్మంలో చక్రాల కుర్చీ తెచ్చారు. మా ఆయన ఎక్కనన్నాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో ఇసకలోంచి రోడ్డు దాకా పదిమంది చేతుల మీద పోయేది శవం ఒక్కటే. ఎంత జబ్బు చేసినా మనిషి తన కాళ్ళ మీద తను నడవాలి. నొప్పులు వచ్చిన ఆడది కూడా నడిచే ఆటో ఎక్కుతుంది. బతికుండగా మోయించుకున్నవాణ్ణి సముద్రం తన లెక్కలోంచి తీసేస్తుందని మావాళ్ళ నమ్మకం. కుర్చీ అయినా మోతేనని ఆయన లెక్క. పళ్ళు బిగబట్టుకుని, గోడ పట్టుకుని, ఆ ఉబ్బిన పాదాన్ని నేలకి ఆనించి ఆనించకుండా నడిచి, తమ్ముడి కౌంటర్ ముందు నిలబడ్డాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. వాణ్ణి చూసి నవ్వాడు కూడా.

వాడు లేచి వచ్చి కాలు చూశాడు. నా కళ్ళ ముందే చూశాడు. తర్వాత చీటీ చూశాడు. చీటీలో డాక్టరమ్మ షుగర్ సంగతి రాసి మెడిసిన్ విభాగానికి పంపింది. ఈ కాలు సర్జరీవాళ్ళు చూడాల్సింది, సర్జరీకని రాయించుకుని రావాలి అన్నాడు.

"ఇప్పుడు యాడికి పోతామురా? ఆ కాలు చూడు ఎట్టుండాదో."

"నేనేం జేసేదక్కా, కంప్యూటర్ తీసుకోదు. రేపు పొద్దున్నే మార్పించుకోని రా. నేనే దగ్గరుండి చూపిస్తా."

మా ఆయన నా చెయ్యి పట్టుకుని పోదాం పదమన్నాడు. వాడి ఉద్యోగానికి మాట తేవద్దన్నాడు. పైగా దురాయి ఉంది కదా. ఊరి మాటకి కట్టుబడిన మనుషులం మేము, గొడవ చేయడం మాకు రాదు. వెనక్కి వచ్చేసరికి పీహెచ్‌సీలో చూసే వేళ అయిపోయింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వరసలో నిలబడి, చీటీ మార్పించుకుని, నెల్లూరు చేరేటప్పటికి ఆ పాదం వైపు చూడలేకపోయాను. వేళ్ళు నల్లబడ్డాయి, నలుపు పైకి పాకింది. వాసన వచ్చింది. ఆ రోజు కూడా ఆయన కుర్చీ ఎక్కలేదు.

సర్జన్ నన్ను పక్కకి పిలిచి, మోకాలి కింద నుంచి తీసేయాలి, లేకపోతే ప్రాణానికే ముప్పు అన్నాడు. వయసులో చిన్నవాడే, మాట మెత్తగానే ఉంది. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే వేళ్ళతో పోయేదేమో అన్నాడు. నిన్ననే వచ్చామయ్యా, చీటీ సరిగ్గా లేదని పంపేశారు అన్నాను. ఆయన నా వైపు వింతగా చూశాడు.

"ఎమర్జెన్సీకి చీటీ అక్కర్లేదమ్మా. ముందు చేర్చుకుని తర్వాత తెప్పించుకోవచ్చు. కౌంటర్లో ఎవరూ చెప్పలేదా?"

కౌంటర్లో ఉన్నది నా తమ్ముడు. వేలిముద్ర వేస్తారా, సంతకం పెడతారా అని అడిగారు. సంతకం పెట్టాను.

ఆపరేషన్ అయింది. ఆయనకి మెలకువ వచ్చి, దుప్పటి కింద చెయ్యి పెట్టి తడుముకుని, గోడ వైపు తిరిగాడు. నేను మెట్లు దిగి తమ్ముడి కోసం పోయాను. మంచినీళ్ళ మిషన్ దగ్గర దొరికాడు. నన్ను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కన్నీళ్ళు చూస్తే నాకు ఇంకా మండింది.

"ఎమర్జెన్సీకి చీటీ అక్కర్లేదంట గదా. నీకు తెల్సా?"

"తెల్సక్కా."

"ఊళ్ళో పెద్దల ముందర ఎందుకు చెప్పలా?"

అప్పుడు వాడు చెప్పుకొచ్చాడు. ఆ సంగతి చెబితే అందరూ ఎమర్జెన్సీ అనే వస్తారట. మొదట్లో జాలిపడి కొందరిని అట్లాగే ఎక్కించాడట. బీమావాళ్ళు తనిఖీకి వచ్చి ఇవి ఎమర్జెన్సీలు కావని బిల్లులు తిప్పికొట్టారట. మేనేజరు పిలిచి ఇంకోసారి ఇట్లా జరిగితే ఇంటికి పోవచ్చన్నాడట. వాడికి ఇద్దరు పిల్లలు, నెల్లూరులో అద్దె ఇల్లు. అదంతా నిజమే కావచ్చు. నేను కాదనలేదు.

"చీటీ ఉంటే పీహెచ్‌సీని అడుగుతారక్కా. ఎమర్జెన్సీ అని నేను కొడితే నన్ను అడుగుతారు."

"మీ బావ కాలు చూసినావు గదరా నువ్వు. నీ కళ్ళతో చూసినావు గదా."

వాడు గ్లాసులో నీళ్ళ వైపు చూస్తూ అన్నాడు. "బావ నడిచే వచ్చినాడు గదక్కా. నడిచొచ్చిన మనిషిని ఎమర్జెన్సీ అని ఎట్ట రాసేది?"

ఈ మాట ఆ మేనేజరు అని ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. బీమావాళ్ళు అని ఉంటే వాళ్ళకేం తెలుసులే అనుకునేదాన్ని. అన్నవాడు మా ఒడ్డున పుట్టి, మా ఇసకలో పెరిగినవాడు. మా నాన్న గుండెనొప్పితో రొమ్ము పట్టుకుని రోడ్డు దాకా నడిస్తే పక్కన చొక్కా మోసుకుంటూ నడిచినవాడు. మా మనుషులు ఎందుకు నడుస్తారో వాడికి తెలియదా? తెలిసీ, ఆ నడకనే వాడి మీదికి మాట రాకుండా అడ్డం పెట్టుకున్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు. నేను నానబోసింది గింజలు కాదు, నా చదువు, నా వయసు. చేతిలో ఉన్న నీళ్ళ సీసా వాడి కాళ్ళ దగ్గర పడేసి పైకి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక పెద్దల దగ్గరికి పోయాను. మా ఊళ్ళో ఆడవాళ్ళు పెద్దల కూటంలో మాట్లాడరు. నేను మాట్లాడాను. ప్రాణం మీదికి వస్తే చీటీ అక్కర్లేదు, తిన్నగా పొండి, ఈ సంగతి దాచి మన చేత దురాయి వేయించుకున్నాడు నా తమ్ముడు అని అందరి ముందూ చెప్పాను. విన్నారు. దురాయి ఎత్తేశారు. ఎత్తేసి, వాడి మీద మాత్రం ఒక్క మాట అనలేదు. రేపు మనకి అవసరం పడితే మళ్ళీ ఆ కౌంటర్ ముందే నిలబడాలి కదమ్మా అన్నాడు ఒక పెద్దాయన. గతిలేనమ్మకి గంజే పానకం. ఇప్పటికీ మా ఊరివాళ్ళు కార్డు పట్టుకుని వాడి దగ్గరికే పోతారు. కాకపోతే నా బండి దగ్గరికి రారు, వాళ్ళే ఫోన్ చేసుకుంటారు.

మా ఆయన సంగతి ఇంకా విడ్డూరం. "వాణ్ణేమీ అనబాక. బిడ్డలు గలోడు" అంటాడు. బోటులో ఆయన భాగం వేరేవాళ్ళు తీసుకున్నారు. చంక కింద కర్ర పెట్టుకుని ఇంటి నుంచి బండి దాకా వస్తాడు. స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతాడు, వచ్చినవాళ్ళతో సరసాలాడతాడు. కానీ పడవలు ఒడ్డుకి వచ్చే వేళకి సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుంటాడు. అది చూసిన ప్రతిసారీ నాకు తమ్ముడి గొంతు పట్టుకోవాలనిపిస్తుంది. క్షమించడం గొప్ప గుణమే కావచ్చు. పోయిన కాలు ఆయనది, క్షమించే హక్కూ ఆయనదే. నాకు మాత్రం ఆ హక్కు అక్కర్లేదు.

ఈ మధ్య పుండు పూర్తిగా మానింది. పెట్టుడు కాలు వేయించుకోవచ్చన్నారు. కార్డు మీదే ఇస్తారట. దానికీ మళ్ళీ పీహెచ్‌సీ చీటీ కావాలి. వరసలో నిలబడటానికి నేను సిద్ధపడే ఉన్నాను. ఇంతలో ఒక సాయంత్రం తమ్ముడు ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మని నేను అనలేదు. గడప బయటే నిలబడి జేబులోంచి కాగితం తీశాడు. చీటీ. ఏ విభాగానికి రాయాలో ఆ విభాగానికే రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఉంది.

"నువ్వు తిరగాల్సిన పన్లేదక్కా. పీహెచ్‌సీ డాక్టరమ్మ నాకు బాగా తెల్సు. ఫోన్ జేసి అడగంగానే రాసిచ్చింది."

మంచి చేస్తున్నాననుకుని చెప్పాడు. వాడి మొహంలో ఇంత ఊరట కూడా ఉంది. వాడు మమ్మల్ని వెనక్కి పంపిన రోజూ ఆ డాక్టరమ్మ ఉంది. వాడి ఫోనూ ఆ రోజు వాడి జేబులోనే ఉంది. ఇదంతా వాడికి తట్టలేదో, తట్టినా నాకు తట్టదనుకున్నాడో. లోపలి నుంచి మా ఆయన ఎవరొచ్చారని కేకేశాడు. చెయ్యి చాచి చీటీ తీసుకున్నాను. ఆయనకి కాలు కావాలి కదా.